ఏనుగెక్కినా కదలని రాక్

ఇనుము మందంగా ఉంటే అదే భద్రత అనుకున్న తెలివైనవాణ్ణి నేను. ఉక్కునగరం వాణ్ణి మరి! రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, విశాఖ వన్ టౌన్‌లోని ఓ షిప్పింగ్ ఆఫీసులో కంప్యూటర్లు చూసేవాణ్ణి. కొత్త సర్వర్ వచ్చింది గానీ, దాన్ని బిగించే ఇనప అరల రాక్ రాక ఆలస్యమైంది. కంపెనీ రాక్ ఎందుకులే అని, కూర్మన్నపాలెంలో బీరువాలు చేసే మా బావ చేత ఒకటి చేయించాను. కొలతలు, రంధ్రాలు చక్కగా కుదిరాయి.

"ఏనుగెక్కినా కదల్దు బావా!" అన్నాడు.

నేలకు బిగించే బోల్టుల మాట నేను అడగలేదు, అతను చెప్పలేదు.

సర్వర్ మాకు దేవుడితో సమానం కాబట్టి పై అరలో పెట్టాం. కింది అరలన్నీ ఖాళీ. ఆయుధపూజ నాడు బొట్టు పెడదామని సర్వర్‌ను ముందుకు లాగాను. రాక్ మొత్తం నా మీదికి ఒరిగింది. ఓడల వివరాలన్నీ ఆ సర్వర్‌లోనే ఉన్నాయి. అది పడితే నా ఉద్యోగమూ పడినట్టే. ఛాతీతో ఆపి కేకలేశాను. చేతిలోని కుంకుమ ముఖమంతా పడింది.

"వదిలీకు బావా, నానొత్తన్నాను!" అంటూ పూజకొచ్చిన బావ పరిగెత్తుకొచ్చాడు. నలుగురూ కలిసి నిలబెట్టారు. సర్వర్ బతికింది. నా ఎర్రటి ముఖం చూసి ఆఫీసంతా దండం పెట్టింది.

తప్పు బావది కాదు, ఏం అడగాలో తెలియని నాది. అయినా ఉక్రోషం ఉంటుంది కదా! ఆఫీసుకి కంపెనీ రాక్ వచ్చాక పాతది నాకే మిగిలింది. పెందుర్తిలో బావ ఇల్లు కట్టుకున్నప్పుడు ఆ రాక్‌నే కానుకగా ఇచ్చి, మేడ మీదికి ఎక్కిస్తూ కింది కొస అతని చేతే పట్టించాను.

సగం మెట్ల మీద, "ఏటి బావా, కదల్దేటిది?" అని రొప్పాడు.

"నువ్వే కదా బావా, ఏనుగెక్కినా కదల్దన్నావ్!" అన్నాను.