మోరిస్ గారి చేతికి మైకిచ్చిన రోజు

నా జీవితంలో నేను ఒకే ఒక్క సన్మాన సభ జరిపించాను. అది ఎలా జరిగిందో చదివాక, రెండోది ఎందుకు జరిపించలేదని మీరెవరూ అడగరు.

రెండువేల సంవత్సరం వస్తోందని కంప్యూటర్లకు నచ్చజెప్పడానికి నన్ను మెల్‌బోర్న్ రప్పించారు. ఆ సంవత్సరం రానే వచ్చింది, మా ఆఫీసులో ఏ కంప్యూటరూ మొరాయించలేదు. దాంతో నాకు చేతినిండా తీరికా, తలనిండా గర్వమూ మిగిలాయి. మేం అద్దెకున్న ఇంటి ఓనరు మిరియం ఆంటీ యూదురాలు. వాళ్ళ ప్రార్థన మందిరమైన సినగాగ్‌లో బృందగానం చేసేవాళ్ళ మంచిచెడ్డలు ఆవిడే చూసేది. వాళ్ళంతా పైసా తీసుకోకుండా వచ్చి పాడేవాళ్ళు. ఒక్కొక్కరే మానేస్తున్నారని ఆవిడకు బెంగ.

"ఉన్నవాళ్ళకి టీ, కేకు పెట్టి థ్యాంక్స్ చెబుదామనుకుంటున్నాను," అంది ఒకరోజు.

"టీతో సరిపెడితే ఎలా ఆంటీ? మా వైపు శాలువా కప్పుతాం. ఆ పని నాకొదిలెయ్యండి," అన్నాను.

మా ఆవిడ శారద నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది. "వాళ్ళ కస్టమ్స్ మీకేం తెలుసండీ? ముందు ఆంటీని అడిగి అన్నీ కనుక్కోండి."

"సన్మానానికి కూడా రిక్వైర్‌మెంట్స్ రాసుకోవాలా?" అన్నాను.

అయినా బాధ్యత తెలిసినవాణ్ణి కాబట్టి, ఒక శనివారం ప్రార్థనకు వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. హీబ్రూ ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, అసలు గాయకుడెవరో ఇట్టే పట్టేశాను. మోరిస్ అని, డెబ్బై దాటిన పెద్దాయన. కళ్ళు మూసుకుని, కనుబొమలు ఎగరేసి, ఆవలించే సింహంలా నోరు తెరుస్తున్నాడు. ఆయన ముందు మిగతావాళ్ళు ఏదో గొణుక్కుంటున్నట్టు కనిపించారు. జరీ అంచు శాలువా ఆయనకేనని అక్కడికక్కడే తీర్మానించాను.

ఆ మరుసటి ఆదివారం మధ్యాహ్నం సినగాగ్ హాల్లో సభ. మానేసిన పాతవాళ్ళు కూడా కేకు కోసం వచ్చి కూర్చున్నారు. శారద పెట్టెలో ఉన్న శాలువాలన్నీ గాయకుల భుజాలెక్కాయి. వాళ్ళు మురిసిపోయి ఒకరి శాలువా ఒకరు తడిమి చూసుకుంటున్నారు. అక్కడితో ఆపి ఉంటే ఈ కథే లేదు.

"ఇక, ఈ బృందానికి ప్రాణమైన గొంతు," అని ప్రకటించి మోరిస్ గారికి జరీ శాలువా కప్పాను. హాలంతా నిశ్శబ్దం. గౌరవం అనుకున్నాను. "మీరొక్కరే రెండు లైన్లు పాడాలి సర్," అని మైకు చేతికిచ్చాను.

బృందాన్ని నడిపించే డేవిడ్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "మేట్, ఆయన పాడడు. నోరు కదుపుతాడంతే."

"అదేంటి?"

"చాలా ఏళ్ళ కిందట నేనే అలా చెయ్యమని బతిమాలుకున్నాను. శ్రుతి ఆయన దరిదాపులకు రాదు. కానీ రిహార్సల్‌కి కుర్చీలు వేసేదీ, కారు లేనివాళ్ళని ఎక్కించుకొచ్చేదీ ఆయనే. ఆయన్ని ఎలా వదులుకుంటాం?"

నేను మైకు కోసం చెయ్యి చాపాను. మోరిస్ గారు ఇవ్వలేదు.

"నన్నెవరూ ఇలా అడగలేదు బాబూ," అన్నాడు మెల్లగా. ఆయన కళ్ళలో నీళ్ళు.

తర్వాత పాడాడు. లారీ రివర్స్‌లో సందులోకి వస్తున్నట్టుంది. శారద తల దించుకుంది. నేనైతే గుమ్మం ఎంత దూరమో చూసుకున్నాను. ఆ శబ్దాన్ని ఎలాగైనా కప్పెట్టాలని మిరియం ఆంటీ లేచి గొంతు కలిపింది. వెంటనే డేవిడ్, ఆపైన బృందమంతా. ఇంతలో కేకు ప్లేట్లు పక్కన పెట్టేసి పాతవాళ్ళు కూడా లేచారు. పాట హాలు దాటి వీధిలోకి వినిపించింది. మధ్యలో మోరిస్ గారి అపశ్రుతి కూడా సంతోషంగానే వినిపించింది.

సభయ్యాక డేవిడ్ వచ్చాడు. "పాతవాళ్ళలో ముగ్గురు మళ్ళీ వస్తామన్నారు. మోరిస్ కూడా ఇకనుంచి గొంతెత్తి పాడతాడట."

"చాలా సంతోషం," అన్నాను.

"ఆయన పక్కన కూర్చోడానికే ఎవరూ ఒప్పుకోవట్లేదు. అందుకే రిహార్సల్స్‌లో ఆ కుర్చీ నీకిచ్చాం."

ఆ ఏడాదంతా కూర్చున్నాను. ఆయన గొంతు బాగుపడలేదు, ఆయన మాత్రం వారంవారం మరింత హుషారయ్యాడు. నా కుడిచెవి సాక్షిగా ఇప్పుడు ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరినైనా పాడమని అడిగేముందు వాళ్ళ పాట స్వయంగా వింటాను. అది కుదరకపోతే, కనీసం వాళ్ళ పక్కింటివాళ్ళ దగ్గర వాకబు చేస్తాను.