మూట అడుగు చూసే డాక్టరు

"నీకు కావల్సింది డాక్టరా, నువ్వు మంచోడివని చెప్పే మనిషా?" అని శశికళ ఒకరోజు మొగుడు ఈరప్పను అడిగేసింది.

బాగేపల్లిలో ఈరప్పది వేరుశనగ వ్యాపారం. వయసు యాభై ఎనిమిది, షుగరుకు తొమ్మిదేళ్ళు. పాత బస్టాండు దగ్గర ముప్పై ఏళ్ళు వైద్యం చేసిన పెద్ద డాక్టరు, పోయిన ఉగాది తర్వాత క్లినిక్కు మూసేసి మైసూరులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయన హస్తవాసి గొప్పదని ఊరంతా చెప్పుకుంటుంది. అందులో పావు వంతు మందుల మహిమ. ముప్పావు వంతు, ఆయన ఎవర్నీ ఒక్క మాట అనకపోవడం.

పరీక్షకు రెండు రోజుల ముందే ఈరప్ప అన్నం మానేసి రాగిజావకు దిగేవాడు. మూడోరోజు షుగరు బుద్ధిగా నూట ముప్పై చూపించేది. డాక్టరు భేష్ అనేవాడు. ఆ సాయంత్రమే ఇంట్లో బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు. ఇది మోసమని ఈరప్పకు ఎన్నడూ తోచలేదు. గుడికి స్నానం చేసి పోమా, ఇదీ అంతే అనుకున్నాడు.

డాక్టరు వెళ్ళిపోయిన నెలకు, ఎడమకాలి చెప్పు ఎక్కడో ఊడిపోతే తెలియకుండానే ఈరప్ప ఇంటిదాకా నడిచి వచ్చాడు. మడమలో ముల్లు దిగి ఉంది. చూసింది శశికళ, అతనికి నొప్పే లేదు. గాయం మానింది గాని భయం మానలేదు. ఆ వీధిలోనే ఒకాయనకు ఇట్లాగే మొదలై, మోకాలి దాకా తీసేశారు.

చిక్కబళ్ళాపురంలో టోకెను తీసుకుని రెండు గంటలు కూర్చుంటే, అక్కడి డాక్టరు కంప్యూటరు వైపే చూస్తూ నాలుగు నిమిషాల్లో పంపించేశాడు. పక్క అంగడి ఆంజనేయప్ప ఊళ్ళోనే కొత్తగా బోర్డు పెట్టిన ఇంకొకాయన దగ్గరికి తీసుకుపోయాడు. ఈరప్ప యథాప్రకారం జావ తాగి వెళ్ళాడు. నూట ఇరవై ఎనిమిది. ఆయన మెచ్చుకుని, బలానికని ఒక సెలైను సీసా ఎక్కించాడు. ఈయప్ప చెయ్యి మంచిదని ఇంటికొచ్చి మురిసిపోతుంటేనే శశికళ ఆ మాట అడిగింది.

అడిగి ఊరుకోలేదు. వారం తిరక్కుండా చింతామణిలో గార్గి అనే డాక్టరు దగ్గరికి దగ్గరుండి తీసుకుపోయింది. గార్గి పాత చీటీలు తిరగేసి పక్కన పెట్టి, మూడు నెలల షుగరు సంగతి తేల్చే రక్తపరీక్ష రాసింది. సాయంత్రానికి కాగితం వచ్చింది. ఏడు లోపల ఉండాల్సింది పదకొండు ఉంది.

"ఎన్ని దినాలు ఉపాసముండి వచ్చినావప్పా?"

"రెండు," అన్నాడు ఈరప్ప.

రైతు మూట విప్పితే ఈరప్ప పైనున్న కాయల్ని ఎన్నడూ చూడడు. మోచేతి దాకా చెయ్యి దించి, అడుగునుంచి గుప్పెడు తీసి, ఒలిచి, కొరికి, అప్పుడు ధర చెబుతాడు. పైన ఎండుకాయలు పరిచి అడుగున పచ్చివి నింపి తెచ్చినవాళ్ళు ఆ క్షణాన నేలచూపులు చూస్తారు. ఇప్పుడు తానూ గార్గి బల్ల కాళ్ళు చూస్తున్నాడు.

ఆమె కళ్ళు మూసుకోమంది. పాదానికి సన్నటి నైలాను దారం తాకిస్తానని, తగిలినప్పుడల్లా చెప్పమని అంది. ఈరప్ప కాచుకుని కూర్చున్నాడు. శశికళ గాజులు ఒకసారి చప్పుడయ్యాయి.

"ఎప్పుడు మొదలుపెడతావమ్మా?"

"అయిపోయిందప్పా. పది తావుల ముట్టించినా."

కళ్ళు తెరిచేసరికి శశికళ గోడవైపు తిరిగి ఉంది. కాలు నిలుస్తుందా అని అడిగాడు. గార్గి ధైర్యం చెప్పలేదు.

"ఇప్పుడే చెప్పేకి కాదు. దినామూ పాదం చూసుకో. చెప్పు లేకుండా అడుగు పెట్టొద్దు. నెల నెలా రావల్ల. దినామూ ఏం తింటావో అదే తిని రా, జావ తాగి రావద్దు."

మాత్రలు మార్చి రాసింది. ఫీజు రెండువందల యాభై. జేబులో వేలున్నా ఈరప్ప రెండువందలే తీసి బల్లమీద పెట్టాడు. మిగిలింది ఫోన్లో పంపమని ఆమె అంటే, మళ్ళీ వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. ఏటేటా సరుకు తీసుకోవాలనుకున్న రైతుకు అతను లెక్క పూర్తిగా తీర్చడు. కొంచెం నిలిపితేనే రాకపోకలు నిలుస్తాయని అతని నమ్మకం. శశికళకు ఆ సంగతి తెలుసు.

ఆ తర్వాత నాలుగు నెలలుగా తప్పకుండా వెళ్తున్నాడు, అన్నం తినే. పదకొండు తొమ్మిదికి దిగింది. పాదానికి స్పర్శ రాలేదు, పుండూ రాలేదు. వెళ్ళిన ప్రతిసారీ ఆనాటి ఫీజు ఆనాడే ఇస్తాడు. మొదటిసారి నిలిపిన యాభై రూపాయలు మాత్రం ఇంకా బాకీ ఉన్నాడు.