పై వంపు ఆర్విడ్

ఆర్విడ్ టోల్లెఫ్‌సన్‌కి ఉన్న జబ్బు ఒక్కటే. ఉన్నచోట ఉండలేడు. ఎక్కడున్నా, ఇంకాస్త ముందుకెళ్తే ఇంకా బాగుంటుందంటాడు. తన పెళ్ళిలో ప్రమాణం సగంలో ఉండగా కిటికీ దగ్గర వెలుతురు బావుందని పెళ్ళికూతుర్నీ పాదిరీనీ అక్కడికి నడిపించాడు. మిగతా సగం అక్కడ చదివారు. అతని జుట్టు కత్తిరించిన మర్నాడు మా డార్బీ ఊళ్ళో మంగలి నడుం నొప్పితో కొట్టు తెరవడు. కత్తెర పట్టుకుని కొట్టంతా అతని వెనక తిరగాలి మరి.

అలాంటివాడికి ట్రౌట్ చేపల పిచ్చి. బిటర్‌రూట్ నదిలో మొలలోతు నీళ్ళలో నిలబడి, ఈకలూ దారాలూ చుట్టి చేసిన ఉత్తుత్తి పురుగుని నీటిమీద వాలుస్తూ, చేప నమ్మేదాకా ఓపిక పట్టాలి. ఓపికట! మూడు విసుర్లు విసిరేవాడు, "ఇక్కడ లేవు వెర్నా, ఆ పై వంపు దగ్గరున్నాయి" అనేవాడు, వెళ్ళిపోయేవాడు. అక్కడికి చేరేసరికి చేపలు దాని పై వంపుకి మకాం మార్చేసేవి. ముప్ఫై ఏళ్ళు ఈ లోయలో ఉత్తరాలు పంచినదాన్ని, నేను కూడా అంత తిరగలేదు.

"కాసేపు కూర్చుని కాఫీ తాగవయ్యా."

"తాగుతూ నడుద్దాం."

"ఇదిగో, రొట్టె."

"అదీ అంతే."

ఆ కాఫీలో సగం నది తాగేది.

అతని అక్క రూత్ మొగుడు క్లైడ్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. పొద్దున్న ఒక బండ పక్కన నిలబడితే సాయంత్రం దాకా అక్కడే. నది అంచున ఇద్దరూ కలిస్తే మాకు వేరే వినోదం అక్కర్లేదు.

"నువ్వు చేపలకొచ్చావా, పరుగుపందేనికొచ్చావా?" అనేవాడు క్లైడ్.

"నువ్వు చేపలకొచ్చావా బావా, మొలకెత్తడానికొచ్చావా?"

మొన్న ఫిబ్రవరిలో క్లైడ్‌కి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. కాలు మటుకు కర్ర సాయంతో ఎలాగో కదులుతోంది. ఎడమ చేత్తో గాలం విసరడం నేర్చుకున్నాడు పాపం. ఎండాకాలమంతా అతని దారం తన టోపీకి చుట్టుకుంది, ఒడ్డునున్న పొదలకి చుట్టుకుంది, ఒకసారి నా చెవికి కూడా. చేపకి మాత్రం ఒక్కసారీ తగల్లేదు.

సెప్టెంబరులో ఒక రాత్రి భోజనాల బల్ల దగ్గర క్లైడ్ ప్రకటించాడు. తన చేతులతో కట్టుకున్న పడవని మిజూలా పట్నంలో ఒక పళ్ళ డాక్టరు కొంటానంటున్నాడట, ఆదివారం వస్తాడట.

"శనివారం ఒక్క చేప పడాలి. నా చేత్తో, ఎవరి సాయమూ లేకుండా. పడిందా సరే. లేదా, పడవ ఇచ్చేసి నదికో దండం పెట్టేస్తా."

ఆర్విడ్ అప్పటికే హకిల్‌బెర్రీ పళ్ళు పెట్టి కాల్చిన తీపి రొట్టె ముక్క చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గర తచ్చాడుతున్నాడు. రూత్ నన్ను వంటింట్లోకి లాగి, "పడవ పోతే ఈయన ఇల్లు కదలడు వెర్నా," అంది. మంచం పట్టడానికి అదే మొదలని ఆవిడ భయం. నా భయమూ అదే.

శనివారం పొద్దున్న మంచు పొడి రాలింది. ఎండెక్కాక గడ్డిలో మిడతలు లేచాయి, చేపలకి మంచి వేళ. ఆర్విడ్‌కి ఆరోజు పూనకమే వచ్చింది. మూడు విసుర్లు కూడా లేవు, రెండే. "ఇక్కడ లేవు బావా! అనవసరంగా రాకు!" అని అరవడం, నీళ్ళు చిమ్ముకుంటూ పైకి ఉరకడం. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ మనిషికి ఇవాళైనా కుదురు లేదే అనుకున్నాను.

కర్ర పోటేసుకుంటూ క్లైడ్ ప్రతిచోటికీ పావుగంట తర్వాత చేరేవాడు. "వాడు లేవన్నాడా? వాడి మొహం, వాడికేం తెలుసు!" అని అక్కడే గాలం వేసేవాడు. మొదటి రెండు చోట్లా ఏమీ పడలేదు. మూడోచోట ఒకటి పైకొచ్చింది, లాగేలోపు జారిపోయింది. నాలుగోచోట, పడిపోయిన దుంగ నీడలో, నీళ్ళు ఛళ్ళుమన్నాయి.

"వల తేనా?" అన్నాను.

"ముట్టుకోకు! ఎవరూ ముట్టుకోవద్దు!"

గాలం కర్ర మొదలు పొట్టకి ఆనించుకుని, ఎడమ చేత్తో ఈడ్చుకొచ్చాడు. మోచెయ్యంత గోధుమరంగు ట్రౌట్. చెయ్యి తడుపుకుని దాన్ని ఒక్క క్షణం పట్టుకుని, ఇక్కడి ఆనవాయితీ ప్రకారం మళ్ళీ నీళ్ళలోకి వదిలాడు. తర్వాత లోయ దద్దరిల్లేలా అరిచాడు:

"లేవన్నావు కదరా, గాడిదా!"

"ఏదో నీ అదృష్టం బావా!" పైనుంచి ఏడుపుగొట్టు గొంతు వినిపించింది.

తిట్టిపోద్దామని పైకి వెళ్ళాను. వంపు చాటున ఆర్విడ్ గులకరాళ్ళ మీద రబ్బరు బూట్లతో గెంతుతున్నాడు. నన్ను చూసి గబుక్కున గాలం దాచబోయాడు. దారం కొస లాగి చూశాను. ఉత్తుత్తి మిడత ఉంది, దాని కింద కొక్కెం లేదు.

"విరిగిపోయింది," అన్నాడు.

అతని ఛాతీ జేబులోని డబ్బా తెరిచాను. నలభై పురుగులు. ఒక్కదానికీ కొక్కెం మొన లేదు. అన్నీ శుభ్రంగా తుంచేసి ఉన్నాయి.

"అరవకు వెర్నా, బావ వింటాడు. చేప పైకొచ్చి దీన్ని నోట పట్టుకుంటుంది, ఏమీ గుచ్చుకోదు, ఉమ్మేసి పోతుంది. ఉన్న చోటు నాకు తెలుస్తుంది. పావుగంటకి అది మళ్ళీ తిండికొస్తుంది. బావ నడిచొచ్చేదీ పావుగంటే."

"మరి లేవని ఎందుకు అరుస్తావు?"

"ఉన్నాయంటే నా ముష్టి వద్దంటాడు. లేవంటేనా, నేను తప్పని చూపించడానికి చీకటిపడేదాకా విసురుతాడు."

జూన్ నుంచీ ఇదే పనట! ఆ క్షణంలో ఆర్విడ్ మీద నాకు పట్టలేనంత ప్రేమ వచ్చింది. చెబుదామనుకున్నాను, కానీ వినడానికి ఒకచోట ఉంటేగా.

ఇంతలో క్లైడ్ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"ఆ పళ్ళ డాక్టరుకి పడవ లేదని చెప్పేస్తా. ముందు నీకు నిలబడ్డం నేర్పాలిరా. రా, నా పక్కకి. కదిలావో, చూడు!"

ఆర్విడ్ నీళ్ళలోకి దిగి, మిడతని విసిరి నిలబడ్డాడు. నమ్మండి, నిలబడ్డాడు! కాళ్ళు లాగుతున్నాయి, భుజాలు ఎగురుతున్నాయి. "బావా, ఆ పై..." అంటే "నోర్ముయ్" అన్నాడు క్లైడ్. ఓపిక గురించి సుదీర్ఘంగా ఉపన్యాసం ఇచ్చాడు. నా గడియారంలో ఇరవై రెండు నిమిషాలు.

అప్పుడు ఆర్విడ్ మిడత మీదకి ఒక పెద్ద చేప లేచింది. పట్టింది, ఉమ్మేసి పోయింది.

"చూశావా!" క్లైడ్ ఆనందానికి హద్దు లేదు. "చేతిలోకొచ్చిన చేపని పట్టలేవు! నీకు చాలా నేర్పాలి. నది గడ్డకట్టేదాకా ప్రతి శనివారం పడవ తీస్తాను, రావాల్సిందే."

"తప్పుతుందా బావా," అన్నాడు ఆర్విడ్ తల వంచుకుని. నీళ్ళ కింద అతని కాలు తాళం వేస్తూనే ఉంది.