నా కథలో తాగిన డ్రైవరు

సాలూరు పైన కొండల్లో నేను మాస్టారుగా పనిచేసిన ఊరికి ఒక్కటే జీపు తిరిగేది. దాని డ్రైవరు సాలూరు మనిషి, పెళ్లాం బిడ్డలున్నవాడు. మందు వాసన గిట్టదు. తాగినవాణ్ణి ముందు సీట్లో కూర్చోనిచ్చేవాడు కాదు. ఈ సంగతి ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే నేను రాసిన కథలో అతను తాగుబోతు.

చైత్రంలో కొండవాళ్ల వేట పండగ, ఇటుకల పండగ. మగవాళ్లు వేటకు పోతే ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా వెదురు గడ పట్టుకుని, పాటలు పాడుతూ, వచ్చే పోయే బళ్లను ఆపి పండగ మామూలు అడుగుతారు. ఇవ్వకపోతే పేడనీళ్లే. నేనేమో ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని సాలూరులో సాహిత్య సభకు బయల్దేరాను. అక్కడ నా ప్రసంగం ఏమిటో చెబితే నవ్వుతారు. కథల్లో మంచివాళ్లూ చెడ్డవాళ్లూ అని విడివిడిగా ఉండరని!

మలుపు తిరగ్గానే గడ కనబడింది. ఓ చివర పట్టుకుని ముసలమ్మ, పక్కనే బిందె. డ్రైవరు బ్రేకు మీద కాలు వేశాడు.

“ఓ పది ఇచ్చీసి పోదుం మాస్టారూ. ఆడోళ్లు, పండగ.”

“ఆపితే నా చొక్కా పాడైపోద్ది. బేగి పోనీ. వాళ్లే తప్పుకుంటారు” అన్నాను.

నా మొహం ఒకసారి చూసి పోనిచ్చాడు. అందరూ గడ వదిలేశారు. ముసలమ్మ వదల్లేదు. ఆమె తుంటి విరిగింది.

ఆమెను ఎత్తుకొచ్చి జీపులో పడుకోబెట్టింది అతనే, ఆస్పత్రికి తీసుకుపోయిందీ అతనే. నేను సాలూరు మొగలో దిగిపోయి, ఆటో ఎక్కి సభకు వెళ్లాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

నెల తర్వాత కథ రాశాను. మనసులో ముల్లు తీసుకోవడానికే అనుకున్నాను. రాస్తూ రాస్తూ నన్ను జీపులోంచి దించేశాను. నేను దిగేసరికి, ఆడవాళ్ల మీదికి బండి తోలడానికి డ్రైవరుకు ఓ కారణం కావలసి వచ్చింది. చేతికి సీసా ఇచ్చాను. ముసలమ్మను దేవతను చేశాను. నిజానికి ఆమె నోరంటే ఊరంతా హడల్. కథ ఆదివారం అనుబంధంలో అచ్చయింది. బడి పిల్లలు ఫోన్లలో చూసి ఇంటింటా చదివి వినిపించారు.

అప్పటిదాకా ఊరి పెద్దలు రాజీ మాటల్లో ఉన్నారు. డ్రైవరు కోడిపుంజు పట్టుకొచ్చి ముసలమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాడు కూడా. కథ విన్నాక రాజీ లేదు. పక్క సీట్లో ఉన్న మాస్టారే రాశాడంటే అబద్ధమెలా అవుతుంది? ఊరు వేరే జీపు మాట్లాడుకుంది. ఇతని బండి కొండెక్కకూడదన్నారు.

మాస్టారే పోనిమ్మన్నాడని అతను ఎవరితోనూ అనలేదు. ఏడాది తర్వాత సాలూరు లారీ షెడ్లో పంచర్లు వేస్తూ కనబడ్డాడు. ఎందుకు చెప్పలేదని అడిగాను.

“స్టీరింగు నా సేతిలోనే ఉంది కదా మాస్టారూ” అన్నాడు. పంచరు ట్యూబు రుద్దుతూ, “మీ కథ మా గుంట సదివింది. ‘నాన్నా, నువ్వు తాగుతావేటి?’ అనడిగింది” అన్నాడు.

ఆ పిల్ల మాట నాకు నిద్ర లేకుండా చేసింది. సిగ్గు వదిలేసి మర్నాడే కొండెక్కాను. ముసలమ్మ మంచంలోనే ఉంది. పెద్దల్ని కూడా పిలిపించి, వాళ్లందరి ఎదుటా చెప్పాను. పోనిమ్మన్నది నేనే, అతను చుక్క ముట్టలేదు, తాగాడన్నది నా కల్పన.

ముసలమ్మ నా తల నిమిరింది.

“నీది ఎన్నపూస మనసు బాబూ. ఆడి పిల్లల కోసం తప్పు నీ నెత్తినేసుకుంతన్నావు. ఆ తాగుబోతోడికి ఈ మనసే ఉంటే నానిలాగ మంచాన పడుదునా?”

పెద్దలు తలలూపారు. ఒట్టు వేసి మళ్లీ చెప్పాను. ఎంత చెబితే అంత మంచివాణ్ణి అయిపోయాను. అతను తాగుబోతుగానే ఉండిపోయాడు.