పిల్ల దిక్కా, పిల్లగాని దిక్కా?

ముక్తార్ లెక్కలో లోకంలో మనుషులు రెండే రకాలు. పెళ్లికూతురి వైపు వాళ్లు, పెళ్లికొడుకు వైపు వాళ్లు. మూడో రకం ఉంటారంటే ఆయన నమ్మడు.

మెదక్‌లో ఎవరు ఎదురుపడినా ఆయన మొదటి మాట ఒకటే. "పిల్ల దిక్కా, పిల్లగాని దిక్కా?" కంటి దవాఖానాలో డాక్టరు అక్షరాలు చదవమంటే, ముందు డాక్టరును అడిగాడు. బస్సులో కండక్టరును అడిగాడు. ఒకసారి ఖబరస్తాన్ గేటు దగ్గర అలవాటుకొద్దీ ఒక పెద్దమనిషిని అడిగాడు. ఆయన కాసేపు ఆలోచించి, "పోయినాయన దిక్కు," అన్నాడు. ముక్తార్ తల ఊపాడు. "అయితే ముందటికి పోండ్రి."

సొంత చెల్లెలు ఖమర్ జహాన్‌ను కూడా వదల్లేదు. కొడుకు జియాను వెంటబెట్టుకుని ఆమె ఆయన పనిచేసే షాదీ మహల్ గేటు దగ్గరికి వస్తే, పక్కన పెద్దలు వింటుండగా గట్టిగా అడిగేవాడు. ఆమె తల వంచుకుని ఏదో ఒక వైపు చెప్పేది. మామూకు కొంచెం తిక్క ఉందని జియాకు అప్పుడే తెలిసింది.

ఆ షాదీ మహల్ నిజాం కాలంలో ఒక జాగీర్దారు తన బిడ్డ పెళ్లి కోసం కట్టించిన భవనం. ఆ పెళ్లి అయ్యాక ఊరి పెళ్లిళ్లన్నీ అందులోనే జరిగాయి. నిఖాలూ అక్కడే, తాళిబొట్లూ అక్కడే. ముక్తార్ గేటు దగ్గర అత్తరు బుడ్డితో నిలబడేవాడు. వచ్చినవాళ్ల మణికట్టుకు ఒక చుక్క రాసి, ఏ వైపో అడిగి, కూర్చోబెట్టేవాడు.

ఇప్పుడు అక్కడ పెళ్లిళ్లు లేవు. భవనాన్ని ఒక కంపెనీ కొనుక్కుంది. కోటనూ చర్చినీ చూసిన టూరిస్టు బస్సులు అక్కడ ఆగుతాయి. పందిరి వేసే చోట గాజుల దుకాణాలు, ముత్యాల దండలు, కోట బొమ్మ ఉన్న తాళంచెవుల గుత్తులు. వంటశాల ట్రయల్ రూమ్ అయింది. బిర్యానీ వండే పెద్ద పెద్ద డేగ్‌లను బోర్లించి, పూలు గీసి, ముట్టరాదని బోర్డు పెట్టారు. వధూవరుల గద్దె మీద రెండు ప్లాస్టిక్ సింహాసనాలు. అద్దె షేర్వానీ, అద్దె చీర కట్టుకుని ఎవరైనా ఫోటో దిగవచ్చు. పెళ్లయినవాళ్లు ఇంకోసారి, కానివాళ్లు ముందుగానే. దండలు గుడ్డవి. సోమవారం ఉతుకుతారు.

మొన్న కుల్చారం నుంచి ఒక కుటుంబం వచ్చి, నిజంగానే పెళ్లి చేసుకుంటామంది. కంపెనీ కుదరదంది. పొయ్యిల పొగకు సరుకు పాడవుతుందట.

గడపలూ కిటికీలూ వచ్చినట్టే ముక్తార్ కూడా భవనంతో పాటు కంపెనీకి వచ్చాడు. ఆయనకు షేర్వానీ తొడిగి, నెత్తిన ఎర్ర పాగా పెట్టి గేటులో నిలబెట్టారు. టూరిస్టులు ఆయనతో సెల్ఫీ దిగేవాళ్లు. ఆయన వాళ్లనూ అదే అడిగేవాడు.

"మేం గాజులు కొనడానికి వచ్చామండీ."

"మంచిది. పిల్ల దిక్కేనా?"

"పెళ్లెవరిదండీ?"

"లోపటికి పోతే ఎరుకైతది."

జియా ఇప్పుడు అక్కడే సూపర్‌వైజరు. ముక్తార్ మేనల్లుడినని ఎవరికీ చెప్పడు. చెప్పుకోవడానికి అతనికి వేరే గొప్ప ఉంది. "మాది పెద్ద ఖాందాన్," అంటాడు, ఎవరు దొరికితే వాళ్లతో. "చిన్నప్పుడు వారం వారం ఎవరిదో ఒకరి పెండ్లి. మా అబ్బాజాన్ కాలం చేసిన ఏడాదైతే మస్తు పెండ్లిళ్లు తిరిగినం. ఊరంత చుట్టాలే."

ఒకరోజు హైదరాబాద్ నుంచి కంపెనీ పెద్ద దామోదర్ ఫోన్ చేశాడు.

"గేటు దగ్గర ముసలాయన నీకు పెళ్లయిందా అని అడుగుతున్నాడని ఒకావిడ ఆన్‌లైన్‌లో రాసింది. ఏంటిది?"

"అట్ల కాదు సార్, ఏ వైపని అడుగుతడు."

"ఏ వైపైతే ఏంటయ్యా? శుక్రవారం వస్తున్నా. ఆ ప్రశ్న నా చెవిన పడిందో, ఆయన ఇంటికే. ఇంకోటి. కొనేవాళ్లు తప్ప ఎవరూ లోపల కనపడొద్దు. ఊళ్లోవాళ్లంతా ఎండకు వచ్చి మన కూలర్ల కింద కూర్చుంటున్నారట."

జియా మామూ దగ్గరికి వెళ్లాడు.

"మామూ, జర నా మాట విను. శుక్రవారం ఒక్క రోజు ఎవరినీ ఏం అడగకు."

"అడగకుంటె ఏడ కూసోబెట్టాలె?"

"ఎవరూ కూసోరు మామూ. కొంటరు, పోతరు."

"పెండ్లికొచ్చి కూసోకుండ పోతరా?"

"పెండ్లి లేదు మామూ!"

"అరవకు," అన్నాడు ముక్తార్ మెల్లగా. "లోపట పిల్ల ఇంటది."

"ఈ గేటు పోతే ఏడికి పోతవ్? ఇంట్ల కూసుంటవా నువ్వు?"

ముక్తార్ ఇంట్లో గోడ తప్ప ఎవరూ లేరు. గోడను ఏ వైపని అడగలేం. పాగా సర్దుకుని, "అడగను తీయ్," అన్నాడు.

శుక్రవారం ఆయన రెండు పాన్‌లు కలిపి బుగ్గన పెట్టుకుని వచ్చాడు. నోరు తెరిస్తే షేర్వానీ పాడవుతుంది. దామోదర్ కారు దిగాడు. ముక్తార్ సలాం చేశాడు. ఆయన కళ్లు అడిగాయి, నోరు అడగలేదు. దామోదర్ గేటు దాటి వెళ్లిపోయాడు. జియా ఊపిరి వదిలాడు.

మధ్యాహ్నం దామోదర్ గేటు దగ్గరే నిలబడి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. అప్పుడు పాపన్నపేట దుర్గమ్మ వచ్చింది. పక్కన ఆమె మొగుడు గాలయ్య, కాలికి కొత్త కట్టుతో. దవాఖానా అయింది, వాళ్ల ఆటో ఇంకా నిండలేదు. బయట నిప్పులు కురుస్తున్నాయి.

దామోదర్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏం కొంటారమ్మా?"

దుర్గమ్మకు అర్థం కాలేదు. లోపల గాజులున్నాయి, ముత్యాలున్నాయి. వాటిలో ఒకదాని పేరు చెప్పాలని ఆమెకు తోచలేదు. "జరసేపు కూసుంటం సారు," అంది.

"కూర్చోవడానికి బస్టాండుంది."

గాలయ్య వెనక్కి తిరిగాడు. కట్టు కాలు ఈడ్చుతూ ఒక మెట్టు దిగాడు.

ముక్తార్ పక్కకు తిరిగి, రెండు పాన్‌లూ మోరీలో ఉమ్మాడు. షేర్వానీ చేతి అంచుతో మూతి తుడుచుకున్నాడు. ఊరంతా వినేటట్టు అడిగాడు.

"పిల్ల దిక్కా, పిల్లగాని దిక్కా?"

"పిల్ల దిక్కే ముక్తార్ సాబ్!" దుర్గమ్మ వెంటనే అంది.

"మరి ఎండల నిలవడ్డరేంది? రాండ్రి."

దామోదర్ ఫోన్ జేబులో పెట్టాడు. "ఏ పిల్లమ్మా? ఇక్కడ పెళ్లెక్కడుంది?"

దుర్గమ్మ నవ్వింది. సారుకు తెలియదు, చెబితే సంతోషిస్తాడనుకుంది.

"అప్పట్ల మేం గీడ మట్టి పనికి వస్తుంటిమి సారు. సంకల పిల్లలు. బిర్యానీ వాసనకు గేటు కాడ నిలవడితె ఈ సాబ్ గిట్లనే అడుగుతుండె. ఎవరి పెండ్లో మాకేం ఎరుక? 'పిల్ల దిక్కు గద, రాండ్రి' అని ఆయనే చెప్పి, ఆయనే కూసోబెడుతుండె. పిల్ల దిక్కోళ్లేమొ మమ్ముల పిల్లగాని దిక్కోళ్లనుకుందురు. వాళ్లేమొ వీళ్ల దిక్కోళ్లనుకుందురు. కడుపు నిండ తిని పోతుంటిమి."

దామోదర్ ముక్తార్ వైపు తిరిగాడు. "అంటే ఇన్నేళ్లూ పిలవనివాళ్లకు భోజనాలు పెట్టించావా?"

"పిలవనోళ్లు ఎవరు సార్?" ముక్తార్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అడిగిన. చెప్పిండ్రు. కూసోబెట్టిన."

జియా అక్కడే ఉన్నాడు. అతనికి తన పెద్ద ఖాందాన్ గుర్తొచ్చింది. ఆ పెళ్లిళ్లలో ఒక్క పెళ్లికూతురి పేరు కూడా అమ్మీ ఎప్పుడూ చెప్పలేదు. ఇది ఎవరి పెళ్లి అమ్మీ అంటే, "తిను," అనేది. అతని జ్ఞాపకంలో ఊరంతా ఉన్న చుట్టాలు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. చివరికి అత్తరు బుడ్డితో గేటు దగ్గర మామూ ఒక్కడు మిగిలాడు.

"ఇక రేపటి నుంచి రావద్దు," అంటున్నాడు దామోదర్.

ముక్తార్ పాగా తీసి, మడత పోకుండా జియా చేతిలో పెట్టాడు. ఎదురు చెబితే జియా ఉద్యోగం కూడా ఉండదు. అతను పాగా చంకన పెట్టుకుని, మెట్టు దిగి, గాలయ్య చెయ్యి పట్టుకుని ఇద్దరినీ లోపలికి తెచ్చాడు. పెద్ద కూలర్ కింద, ముట్టరాదని రాసిన డేగ్ మీద కూర్చోబెట్టాడు.

"ఎవరు వాళ్లు?" అన్నాడు దామోదర్.

"మా ఖాందానోళ్లు సార్," అన్నాడు జియా. "మాది పెద్ద ఖాందాన్."

మామూ చోటులో ఒక మెటల్ డిటెక్టర్ చట్రం పెట్టారు. అది కూడా వచ్చినవాళ్లందరినీ అడుగుతుంది. గాజులకు మోగుతుంది, బెల్టుకు మోగుతుంది. జవాబు చెప్పినా వినదు. దానితో ఎవరూ సెల్ఫీ దిగరు.

కొన్నాళ్లకు, మంచి ఎండలో, ముక్తార్ వచ్చాడు. పాగా లేని తల చిన్నగా కనిపించింది. చట్రం బయట, ఎవరో కొత్త మనిషిలా నిలబడ్డాడు. ఏం కొనాలో ఆయనకూ తోచినట్టు లేదు.

జియా చట్రం స్విచ్ తీసేశాడు. పక్కన గాజుల దుకాణం ఫిర్దోస్ వింటోంది. బస్సు దిగిన టూరిస్టులు వింటున్నారు. జియా గొంతు సవరించుకున్నాడు.

"పిల్ల దిక్కా, పిల్లగాని దిక్కా?"

ముక్తార్ తడబడ్డాడు. ఇన్నేళ్లలో ఆ మాట ఆయన్ని ఎవరూ అడగలేదు. గేటులో నిలబడేవాడిది ఏ వైపని ఎవరు అడుగుతారు? జియా భుజం మీదుగా ఆయన లోపలికి తొంగిచూశాడు. కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు.

"ఏ దిక్కు మంది తక్కువున్నరో," అన్నాడు, "గా దిక్కు."