తలగడతో అరబ్బీ

మా చిన్నప్పుడు... సాయంత్రం బడి నుంచి రాగానే నేను టీచర్ని, మా అమ్మ స్టూడెంటు. ఒడిశాలో, సునాబెడ క్వార్టర్లో మా వంటగదే క్లాసు. అమ్మ పీట మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే, నేను నోట్‌బుక్ పట్టుకుని అడిగేదాన్ని.

"తల?"

"రాస్."

"నొప్పి?"

"వజా."

అమ్మ ఒక చిన్న ఆస్పత్రిలో నర్సు. ఆపరేషన్ థియేటర్లో పనిచేయాలని ఎన్నో ఏళ్ల కోరిక. గల్ఫ్‌లో పెద్దాసుపత్రి వాళ్లు తీసుకుంటామన్నారు... కానీ ముందు ఫోన్లో అరబ్బీ మాట్లాడించి చూస్తారట. అక్కడ చేసొచ్చిన ఒక పిన్ని మాటలన్నీ తెలుగక్షరాల్లో రాసిచ్చింది. అమ్మకి ఆ పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా నోటికొచ్చేసింది.

"ఇలా అప్పజెప్తే సాలదమ్మీ. నువ్వు పేషెంటువవ్వు. నేనడుగుతాను, నువ్వు సెప్పు," అంది ఒకరోజు.

రెండు రోజులు పేషెంటునయ్యాను. మంచం మీద పడుకుని మూలిగితే "వేన్ అల్ వజా?" అనేది... నొప్పెక్కడ అని. నేను పొట్ట పట్టుకుని "బతన్" అనేదాన్ని. భలే సరదాగా ఉండేది.

మూడో రోజు నాన్న చెప్పాడు... అమ్మ వెళ్తే రెండేళ్లు రాదని, నన్ను రాయగడ హాస్టల్లో వేస్తారని.

ఇక నేను పేషెంటునవ్వలేదు. ఒకసారి హోంవర్కుందన్నాను, ఒకసారి కాళ్లు నొప్పులన్నాను. మాటలు మాత్రం అడిగేదాన్ని. అవి ఎలాగూ వచ్చు కదా...

ఓ ఆదివారం చర్చి నుంచి వచ్చాక చూస్తే, అమ్మ మంచం మీద తలగడకి దుప్పటి కప్పి అరబ్బీలో పలకరిస్తోంది. గుమ్మంలో నిలబడి పడీపడీ నవ్వాను.

"తలగడకి జొరమేటమ్మా?"

అమ్మ కూడా నవ్వింది. దుప్పటి మడతపెట్టేసింది. మళ్లీ దాంతో మాట్లాడగా నేను చూడలేదు.

అమ్మ ఒడియా భాషని ఏ పుస్తకంలోనూ చదివి నేర్చుకోలేదు. వార్డులో, సంతలో తప్పుల తడకగా మాట్లాడి, నవ్వించుకుని నేర్చుకుంది. "కణ హెలా మా?"... ఏమైందమ్మా అంటే చాలు, కొండల నుంచొచ్చిన ముసలమ్మలు కష్టమంతా చెప్పుకునేవారు.

పరీక్ష రోజు కోరాపుట్‌లో ఏజెంటు ఆఫీసుకి నన్నూ తీసుకెళ్లింది. స్పీకరు పెట్టిన ఫోన్లో ఎవరో ఆవిడ గబగబా ఏదో అడిగింది. అందులో 'వజా' నాక్కూడా తెలిసింది. అమ్మ నోరు తెరిచింది... "రాస్... బతన్... వజా..." నాకు అప్పజెప్పినట్టే, విడివిడిగా. ఆవిడ మళ్లీ అడిగింది. అమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయింది.

తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి జవాబంతా లోగొంతుతో, గడగడా చెప్పుకుంది.

"అన్నీ వచ్చునమ్మీ... నోరే పెగల్లేదు."

నేను పల్లీలు తింటూ కూర్చున్నాను. లోపల సంతోషంగా ఉంది. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

అమ్మ ఆ చిన్న ఆస్పత్రిలోనే కట్లు కట్టి కట్టి రిటైరైంది.

ఇప్పుడు ఏ భాష నేర్చుకోవాలన్నా ఫోనే తిరిగి మాట్లాడుతోంది. నవ్వదు కూడా... అప్పుడు మా అమ్మకి మాట్లాడడానికి ఉన్నది నేనొక్కదాన్నే.

మీరూ ఇంట్లో ఎవరికైనా ఇలా ఒక మాట బాకీ పడ్డారా? ఉంటే కింద రాయండి...

అమ్మా, నా పోస్టులన్నీ చదువుతావని తెలుసు. ఈ ఆదివారం వస్తున్నాను. మంచం మీద పడుకుంటాను. నొప్పెక్కడో అడుగు.