అరవకుండా చెప్పిన మాట

మా నాన్న దుర్గిలో శిల్పి. నలభై ఏళ్లు రాయి మీద ఉలి పెట్టి కొట్టాడు. ఆ చప్పుడుకే పోయిందో, వయసుకే పోయిందో, అరవై దాటేసరికి వినికిడి చాలావరకు పోయింది. చెవి మిషన్ కొనిపెడితే నాలుగు రోజులు పెట్టుకుని, "ఇందులో మాట లేదమ్మాయ్, అంతా రొదే" అని తీసి గూట్లో పడేశాడు. అప్పటినుంచి ఏం చెప్పాలన్నా అమ్మే ఆయన చెవి దగ్గర అరిచేది. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే వీధంతా వినపడేది.

అమ్మకు జబ్బు చేసినప్పుడు నేను నరసరావుపేటలో టీచర్ని. ఆస్పత్రికి నేనే తిప్పాను. ఇక మందులతో లాభం లేదని ఒకరోజు డాక్టరు మా ఇద్దరికీ చెప్పాడు. అమ్మ ఏడవలేదు. బస్సులో వస్తూ మాత్రం అడిగింది.

"మీ నాయనకు ఎట్టా చెప్పాలే? ఇది అరిచి చెప్పే మాటా?"

"నేను కాగితం మీద రాసిస్తాలే అమ్మా."

"నువ్వు రాస్తే నీ మాటవుద్ది. నా మొగుడికి నేను చెప్పుకోవాల."

అమ్మకు చదువు రాదు. నాన్న తెలుగు బాగా చదువుతాడు. ఆ రాత్రంతా ఆలోచించాను. నా ఫోన్లో నోట్స్ అని, రాసుకునే యాప్ ఉంది. దాన్ని సరుకుల జాబితాకు తప్ప వాడింది లేదు. మా స్కూల్లో ఒక టీచరు అందులోనే మైకు గుర్తు నొక్కి, పాఠం నోటితో చెప్పి రాయించుకోవడం గుర్తొచ్చింది. పొద్దున్నే నా పాత ఫోన్లో భాష తెలుగుకు మార్చి, అక్షరాలు ఎంత పెద్దవవుతాయో అంత పెద్దవి చేసి అమ్మ చేతికిచ్చాను.

అలవాటుకొద్దీ ఆమె ఫోన్ మీద కూడా అరిచింది.

"మామూలుగా చెప్పమ్మా, దానికి చెవులు బాగానే ఉన్నయ్."

"ఏమయ్యా, అన్నం తిన్నావా?" అంది మెల్లగా.

అక్షరాలు ఒక్కొక్కటిగా పడ్డాయి. పక్కనే కూర్చున్న నాన్న చదివాడు. ఫోన్ని కాదు, ఆమెను చూశాడు. "తిన్నా" అన్నాడు.

అమ్మ నావైపు తిరిగి, "నువ్వు కాసేపు బయటికి పోమ్మా" అంది.

వసారాలో కూర్చున్నాను. లోపల అమ్మ గొంతు సన్నగా సాగింది, ఆగింది. అప్పుడు నాన్న మాట్లాడాడు. తన మాట తనకే వినపడక ఎప్పుడూ కేకలేసే మనిషి, ఆరోజు ఎంత నెమ్మదిగా మాట్లాడాడంటే నాకు ఒక్క మాటా అందలేదు.

తర్వాత ఐదు నెలలు వాళ్లు అట్లానే మాట్లాడుకున్నారు. రోజుకొక కొత్త నోటు తెరవడం అమ్మ నేర్చుకుంది. ఫోన్ తప్పుగా విన్న మాటలను నాన్న కూర్చుని దిద్దేవాడు. అన్నాళ్లూ ఆమె పక్కనే ఉన్నాడు, ఉలి పట్టలేదు.

అమ్మ పోయాక, పెద్దకర్మ అయిన మర్నాడు, ఆ ఫోన్ పట్టుకుని నన్ను పిలిచాడు.

"దీన్ని ఇంకొకళ్లు తెరవకుండా చెయ్యొచ్చా?"

నోట్స్‌కు లాక్ పెట్టొచ్చని ఫోన్లోనే రాసి చూపించి, వేలిముద్ర వేయించబోయాను. పడలేదు. పది వేళ్లూ మార్చి చూశాం. రాయి అరగదీసిన వేళ్లు; గీతలే మిగల్లేదు.

"అంకెలు పెట్టుకో నాన్నా, నీకు గుర్తుండేవి" అని మళ్లీ రాసి చూపించాను.

ఆయన ఫోన్ తీసుకుని, గోడవైపు తిరిగి, నాలుగంకెలు నొక్కుకున్నాడు. అవేమిటని నేను అడగలేదు.